మా అత్త ఒక్కపొద్దులు

మాది ఆదోనిలో దూది ఏకే ఇల్లు. నాయన పొద్దున్నే భుజానికి విల్లు తగిలించుకొని వీధులు తిరిగేవాడు. ఎవరన్నా పిలిస్తే వాళ్ల వాకిట్లోనే కూర్చొని, పాత పరుపుల్లో గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్లీ నింపి కుట్టిచ్చేవాడు. నమాజు చేసేవాళ్లమే గాని మా ఇంట్లో మాట తెలుగే. రంజాన్ నెల ఉపవాసాన్ని మసీదులో రోజా అనేవాళ్లు, మేం ఒక్కపొద్దు అనేవాళ్లం.

ఇంట్లో వంట మా మేనత్తది. ఆమె నాయనకు అక్క. ఎమ్మిగనూరుకు ఇచ్చినారు. పెళ్లయిన కొన్నేళ్లకే మామ జ్వరమొచ్చి పోయినాడంట. పిల్లలు లేరు. ఒక ట్రంకుపెట్టె పట్టుకొని తమ్ముని ఇంటికి వచ్చేసింది. నాకు గుర్తు తెలిసేసరికే ఆమె మా పొయ్యి ముందర కూర్చోనుండేది. అమ్మ నాయనతోపాటు పరుపుల గుడ్డలు కుట్టేది గనక ఇంటి లోపలంతా అత్త చేతి మీద నడిచేది. నన్నూ, నా వెనక పుట్టిన తమ్ముళ్లిద్దర్నీ ఎత్తుకొని తిరిగింది ఆమే.

డెబ్బైల నడిమిలో, నాకు పదేళ్లు దాటిన రోజుల్లో, వానలు వరసగా ఎగ్గొట్టినాయి. ఆస్పరి పక్క పల్లెల నుంచి జనాలు మూటలు కట్టుకొని కూలికోసం ఆదోనికి వచ్చేవాళ్లు. అంగట్లో జొన్నల ధర ఒక వారం ఉన్నట్టు ఇంకో వారం ఉండేది కాదు. మా ఊరి నిండా నూనె మిల్లులే. గాలి ఇటు తిరిగితే చాలు, బుడ్డల నూనె వాసన ఇంట్లోకి కొట్టేది. బుడ్డలంటే మా పక్క వేరుశెనగలు. అంత నూనె తయారయ్యే ఊళ్లో మేం సీసా మూతికి దారం కట్టుకొని పోయి, అడుగున నాలుగు వేళ్లంత పోయించుకొని వచ్చేవాళ్లం. పైగా తిండికే కటకటగా ఉన్నప్పుడు పరుపులు ఏకించుకునేదెవరు? నాయన తెల్లారి పోయి పొద్దు వాలినాక అదే విల్లు, అదే ఖాళీ సంచీతో తిరిగొచ్చే రోజులు ఎక్కువైనాయి.

అత్త ఆ కొంచెంతోనే ఇల్లు లాక్కొచ్చేది. తాళింపుకు నూనె లేకపోతే ఎండుమిరపకాయను నిప్పుల మీద కమురు వాసన వచ్చేదాకా కాల్చి, నలిపి, చారులో వేసేది. ఆ వాసనకే మాకు తాళింపు పెట్టినట్టు ఉండేది. కందిపప్పు మానేసి ఉలవలు ఉడికించి, కట్టు ఒక పూటకు, గుగ్గిళ్లు ఒక పూటకు చేసేది. జొన్నపిండిలో గోగాకు కలిపి రొట్టె తట్టేది. చక్కెర పోయి బెల్లం టీ వచ్చింది. తరవాత బెల్లమూ పోయి, ఉప్పేసిన నీళ్ల మజ్జిగ వచ్చింది. రేషనుషాపులో ఎర్రజొన్నలు ఇస్తారని తెలిస్తే తెల్లారకముందే పోయి వరసలో నిలబడేది. ఆ జొన్నల రొట్టె చేదుగా, గట్టిగా ఉండేది. తమ్ముళ్లు మూతి తిప్పుకుంటే, నమలండి, నమిలితే తియ్యగైతుంది అని చెప్పేది. నిజంగానే చాలాసేపు నమిలితే కొంచెం తీపి తగిలేది.

ఆ ఏడు రంజాన్ అయిపోయినాక, పండగ మరుసటి వారం, ఆరు ఒక్కపొద్దులు ఉంటే పుణ్యం అని అత్త ఆరూ ఉండింది. అందులో కొత్తేం లేదు, ఏటా ఉండేదే. ఆరు అయిపోయినాక సోమవారం, బేస్తవారం ఉండటం మొదలుపెట్టింది. ప్రవక్త ఆ రెండు దినాలు ఉండేవాడని మసీదు పక్కన ఆడోళ్లు చెప్పుకుంటే విన్నానంది. కొన్నాళ్లకు నెలనెలా పున్నమి దగ్గరి మూడు దినాలు కూడా కలిపింది. ఇంకా కొన్నాళ్లకు, మొక్కుకున్నానని చెప్పి కొన్ని. వారంలో ఆమె మాతో కూర్చొని తినే పూటలు తక్కువైపోయినాయి.

మా వీధిలో ఆమెకు మంచి పేరు వచ్చింది. భక్తి గల మనిషి అనేవాళ్లు. పిల్లలకు జ్వరమొస్తే ఎత్తుకొచ్చి, ఒక్కపొద్దు మీదున్నావు, ఒక మాట దువా చెయ్యమ్మా అని అడిగేవాళ్లు. అత్త సిగ్గుపడేది. వద్దనకుండా బిడ్డ తలమీద చెయ్యి పెట్టేది గాని, వాళ్లు పోయినాక మొకం పొయ్యి పక్కకు తిప్పుకొని కూర్చునేది. ఎందుకో అప్పుడు నాకు తెలియదు.

సాయంత్రం మసీదులో బాంగు వినపడితే గ్లాసుడు నీళ్లు తాగేది. చిన్న రొట్టెముక్క చారులో ముంచుకొని తినేది. ఇంకొంచెం తినమని అమ్మ అంటే, పొద్దున్నుంచి ఎండిన కడుపు, ఎక్కువేస్తే పట్టదు అనేది. అమ్మ రెండోసారి అడిగేది కాదు.

ఈ సంగతి అమ్మ నాకు చాలా ఏండ్ల తరవాత, నా పెళ్లయినాక చెప్పింది. అత్త ఒక్కపొద్దులు ఎందుకో రెండో నెలకే అమ్మకు తెలిసిపోయిందంట. కుండలో జొన్నలు అనుకున్నదానికన్నా నాలుగు రోజులు ఎక్కువ వచ్చినప్పుడు అర్థమైందంట. "నోరు తెరిచి అడిగితే ఆమె పూట జొన్నలు నేను యాడన్నా తేవాల గదా. యాడ తేవాల? అందుకే అడగలేదు," అనింది. ఆ మాట చెప్పేటప్పుడు అమ్మ నా మొకం చూడలేదు, బియ్యంలో రాళ్లు ఏరుకుంటా ఉండింది.

నాయనకు మాత్రం తెలియదు. పొద్దున పోతే చీకటి పడేవేళకు వచ్చే మనిషి. అక్క భక్తిని చూసి లోపల సంతోషపడేవాడు కూడా.

ఆయనకు తెలిసింది మరుసటి ఏడు, బక్రీదు తరవాతి రోజు. మాకు పొట్టేలు కోసి కుర్బానీ ఇచ్చే స్తోమత లేదు. ఇచ్చినోళ్లు నాలుగిళ్ల నుంచి కొంచెం కొంచెం కూర, అంటే మాంసం, పంపించినారు. అన్నీ కలిపితే ఒక చిన్న గిన్నెడు. అత్త దాంట్లో నీళ్లు ఎక్కువగా పోసి, మిరపపొడి, ఉప్పు వేసి ఉడికించింది. ఎన్నో నెలల తరవాత ఇంట్లో కూర వాసన. ఆ రోజు నాయన పనికి పోలేదు. అందరం గుండ్రంగా కూర్చున్నాం. తమ్ముళ్లు అప్పటికే రొట్టె తుంచి పట్టుకోనున్నారు. అత్త వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టి, వెనక్కి జరిగి గోడకు ఆనుకొని కూర్చుంది. నువ్వూ రా అక్కా అన్నాడు నాయన.

"మీరు తినండప్పా. నాకు ఒక్కపొద్దు," అనింది అత్త.

నాయన చెయ్యి గిన్నె దగ్గర ఆగిపోయింది. బక్రీదు నాడు, దాని తరవాతి మూడు దినాలు ఎవరూ ఒక్కపొద్దు ఉండకూడదు. అవి తినాల్సిన దినాలు. ఆ దినాల్లో ఉపవాసం హరాం. మా ఇంట్లో చిన్న తమ్మునికి కూడా ఆ సంగతి తెలుసు. అత్తకు తెలియక కాదు. ఆ మాట ఎన్ని పూటలు చెప్పిందో, కూర గిన్నె చూడంగానే అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

నాయన ఆమె పక్కే చూస్తా నిదానంగా అడిగినాడు. "ఈరోజు దేవుడే వద్దన్నాడు గదక్కా. ఇది ఎవరికోసం ఉన్నావు?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన అమ్మ పక్క చూసినాడు. అమ్మ తల వంచుకుంది. దాంతో ఆయనకు అంతా అర్థమైపోయింది. లేచి వాకిట్లోకి పోయి, మూలకు పెట్టిన విల్లు పక్కన కూలబడినాడు. ఆయన ఏడుస్తా ఉంటే నేను చూసింది అదే మొదలు. అత్త లేచి బయటికి పోయి, తమ్ముని పక్కన కూర్చొని, నేను తింటాను, రా, పిల్లోళ్లు చూస్తాండారు, అని బతిమాలింది. ఇద్దరూ లోపలికి వచ్చి తిన్నారు. ఆ కూర రుచి నాకు గుర్తు లేదు. అత్త ప్రతి ముద్దా అందరికీ కనపడేటట్టు తినడం మాత్రం గుర్తుంది.

ఆ తరవాత ఆమె పట్టుమని పదిహేను రోజులు కూడా మాతో లేదు. ఎమ్మిగనూరులో ఒక మగ్గాల ఇంటోళ్లకు నూలు కండెలు చుట్టే మనిషి కావాలంట, మామ తరపు చుట్టాలు కబురు పెట్టినారంది. కబురు పెట్టిందెవరో, నిజంగా పెట్టినారో లేదో మేం కనుక్కోలేదు. నాయన వద్దన్నాడు. ఉన్నదాంట్లోనే తిందాం అన్నాడు. అత్త ఆయన మాటకు ఎదురు చెప్పకుండానే ట్రంకుపెట్టె సర్దుకుంది. బస్టాండుకు నేనూ పోయినాను. బస్సు ఎక్కేముందు నాయన ఆమె చేతిలో ఏదో పెట్టబోతే, వేళ్లు మూసి ఆయన జేబులోకే తోసింది. పెట్టె కాళ్ల సందులో పెట్టుకొని కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలేదాకా నన్ను చూసి నవ్వుతానే ఉండింది.

ఆమె పోయినాక వంట నాకు వచ్చింది. అదే కుండ, అవే జొన్నలు. ఎంత పొదుపుగా తీసినా వారం చివరికి చాలేవి కావు.

ఆరేడేండ్లు అట్లే గడిచినాయి. అత్త పండగలకు వచ్చి రెండు రోజులుండి పోయేది. వచ్చేటప్పుడు బొరుగులు, పుట్నాలు తెచ్చేది. మగ్గాల ఇంట్లో మిగిలిన గుడ్డముక్కలు తెచ్చి నాకు రైకలు కుట్టిచ్చేది. నాయనకు పని మళ్లీ కొంచెం దొరికింది. రేషనుషాపుల్లో పామాయిల్ ఇయ్యడం మొదలైంది. గడ్డకట్టి, వాసన వేసే ఆ నూనె కోసం కూడా పెద్ద వరస. అయినా తాళింపు అనేది మా పొయ్యి మీదికి తిరిగొచ్చింది. ఇంక వచ్చెయ్యమని నాయన ప్రతి పండగకూ అడిగేవాడు. ఈడ పని బాగుందప్పా, చేతికి అలవాటు పడింది, అనేది. మనిషి మాత్రం వచ్చినప్పుడల్లా కొంచెం తగ్గి కనపడేది.

ఎనభైల మొదట్లో, ముంగారు వానలకు ముందర, ఎమ్మిగనూరు నుంచి మనిషి వచ్చి ఆమెకు ఒంట్లో బాగలేదని చెప్పినాడు. నాయన, నేను పోయినాం. మగ్గాల ఇంటి వెనక చిన్న వసారాలో చాప మీద ముడుచుకొని పడుకోనుంది. పక్కన రాట్నం. సగం చుట్టిన కండె దానికే ఉంది. ఏం తిన్నా నిలవడం లేదంట. ఆ ఇంటామె మంచి మనిషే, మాకు నీళ్లిచ్చి కూర్చోబెట్టింది. "పెడితే తినదు తల్లీ. ఎప్పుడడిగినా ఒక్కపొద్దు అంటాది. నేనైతే మీ మతంలో అట్లే ఉంటాదేమో అనుకున్నా," అనింది. నాయన ఆ మాట విని అత్త పెట్టె ఎత్తుకున్నాడు.

ఆదోని గవర్నమెంటాసుపత్రిలో డాక్టరు పొట్ట నొక్కి చూసినాడు, పరీక్షలు చేయించినాడు. కడుపులో పుండు పడింది, చాన్నాళ్లది అన్నాడు. మందులు రాసిచ్చి, రెండు గంటలకొకసారి మెత్తగా ఏదో ఒకటి తినాల, కడుపు ఖాళీగా పెట్టకూడదు, ఉపవాసమనే మాటే ఎత్తకూడదు అని గట్టిగా చెప్పినాడు. అత్త తలూపింది. బయటికొచ్చినాక మెట్ల మీద కూర్చొని, రంజాన్ ఎన్నాళ్లుంది అని నన్నడిగింది. పట్టుమని నెల కూడా లేదు. ఆ సంగతి ఆమెకే తెలుసు.

చంద్రుడు కనపడినాడని వీధంతా సంబరంగా ఉన్న సాయంత్రం ఆమె లోపలే కూర్చుంది. మరుసటి రోజు నేను గంజి కాచి తీసుకొని పోతే, తలుపు దగ్గరికి వెయ్యమంది. ఇంటిల్లిపాదీ ఒక్కపొద్దు ఉంటే, పగటిపూట ఆమె తలుపు చాటున గోడ పక్కకు తిరిగి రెండు గుక్కలు తాగింది. గిన్నె కింద పెట్టేసి వెక్కి వెక్కి ఏడ్చింది. జబ్బు మనిషికి దేవుడే మాఫీ ఇచ్చినాడు గదత్తా అని నేను సముదాయించబోయినాను.

"అది కాదు పాపా," అనింది. "దేవునికి ఉండాల్సిన ఒక్కపొద్దులన్నీ జొన్నలకు పెట్టేస్తిని. ఇప్పుడు ఆయనకు ఉండాలంటే నా దగ్గర కడుపే లేదు."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. అంతే.

ఒక్కపొద్దు ఉండలేని ముసలోళ్లు, ఇంక మానని జబ్బున్నోళ్లు ఒక్కొక్క దినానికి బదులుగా ఒక్కొక్క బీదమనిషికి కడుపునిండా అన్నం పెట్టాల. అది మా పద్ధతి. అత్త నాయనను మసీదుకు పంపించింది. నమాజు చదివించే హజ్రత్ సంగతంతా విని, మీకే లేనప్పుడు మీమీద ఆ బరువు లేదు, దేవునికి తెలుసు అని చెప్పి పంపించినాడు. నాయన వచ్చి ఆ మాట చెబితే అత్త ఒప్పుకోలేదు. నాకు రోజుకు ఆరుసార్లు గంజి పోస్తా ఉంటిరి, లేనిదాన్ని ఎట్లైతాను అనింది.

మా వీధి చివర ఒక ముసలామె ఉండేది. పత్తిమిల్లు వాకిట్లో రాలిన దూది ఏరుకొని అమ్ముకునేది. ఆమెకు ఎవరూ లేరు. ఆ సాయంత్రం నుంచి అత్త ఆమెను పిలిపించి, మాతోపాటు వాకిట్లో కూర్చోబెట్టి రొట్టె, చారు పెట్టించింది. మొదటి నాలుగైదు రోజులు మేం బాగానే ఉందనుకున్నాం. తరవాత అమ్మ కనిపెట్టింది. అత్త తన పూటల గంజికి తీసిన నూకలు, మెత్తగా తినాలని చేసిన రొట్టె సగానికి సగం దాచి ఆ ముసలామెకు పెడతా ఉంది.

ఈసారి అమ్మ ఊరుకోలేదు. అత్త ఎదురుగ్గా పోయి కూర్చొని, "వదినా, అప్పట్లో చూసి కూడా నోరు మూసుకున్నాను. ఇంక మూసుకోలేను. ఆమె కూడు నేను పెడతా, నీ కూడు నువ్వు తిను," అనింది.

 వాళ్లిద్దరి మధ్య ఇన్నేండ్లలో ఈ సంగతి మాటగా వచ్చింది ఆ ఒక్కసారే. నా తరపున నువ్వు పెడితే చెల్లుతుందో లేదో అనింది అత్త. చెల్లుతుందని హజ్రత్ చెప్పినాడని అమ్మ అబద్ధమో నిజమో చెప్పేసింది. మిగిలిన రోజులన్నీ అమ్మ ఇంకో పిడికెడు పిండి ఎక్కువ కలిపింది. ఆ పిండి కోసం మేం ఏం తగ్గించుకున్నామో నాకు తెలుసు, అత్తకూ తెలుసు. అయినా ఆమె ఈసారి అడ్డం రాలేదు. గోడకు ఆనుకొని కూర్చొని, ముసలామె తినేది చూస్తా, తన గిన్నెలోది తానూ మెల్లగా తినేది. ముసలామెకు పళ్లు లేవు. రొట్టెను చారులో నానబెట్టుకోమని అత్త చెప్పేది. పండగ దాకా ఒక్క రోజు కూడా తప్పలేదు.

మందులు కొన్నాళ్లు పనిచేసినాయి. ఆ చలికాలంలో ఒక పొద్దున నెత్తురు కక్కుకుంది. ఆసుపత్రికి తీసుకొనిపోయినాం. రెండు రోజులుండి పోయింది.

మట్టి ఇచ్చి వచ్చినాక నాయన హజ్రత్ దగ్గరికి పోయి ఒక మాట అడిగినాడంట. మాకు ఒక పూట మిగిలించడం కోసం మా అక్క ఉన్న ఒక్కపొద్దులు లెక్కలోకి వస్తాయా రావా అని. హజ్రత్ చదువుకున్న మనిషి, ఎవరేం అడిగినా చెప్పేవాడు. ఆ రోజు మాత్రం గడ్డం నిమురుకుంటా, "అది నన్నడగొద్దప్పా," అన్నాడంట. నాయన ఇంటికొచ్చి ఆ మాట అట్లే మాకు చెప్పినాడు. 

నలభై దినాలకు భోజనాలు పెట్టాల. చెయ్యకపోతే బాగుండదని నాయన తెలిసినోళ్ల అంగట్లో అరువుకు సన్నబియ్యం, నెయ్యి, గసగసాలు, ఏలకులు తెచ్చినాడు. అట్లాంటి సామాన్లు మా ఇంట్లోకి ఒకేసారి ఎప్పుడూ రాలేదు. అమ్మ పొద్దున్నే పెద్ద దేగిసా పొయ్యి మీద పెట్టింది. వీధి వీధంతా వచ్చింది. ఎమ్మిగనూరు నుంచి మగ్గాల ఇంటామె, ఆమె మొగుడు వచ్చినారు. దూది ఏరుకునే ముసలామె మొదటి వరసలోనే కూర్చుంది. అందరూ పెట్టించుకొని పెట్టించుకొని తిన్నారు. అత్త దువా చేస్తే తమ బిడ్డకు జ్వరం తగ్గిందని ఒకామె చెప్పుకుంటా ఉంటే ఇంకొకామె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అందరూ పోయినాక దేగిసా అడుగున అన్నం ఇంకా మిగిలింది. అమ్మ గరిటె చేతిలో పట్టుకొని దాన్ని చూస్తా అట్లే నిలబడిపోయింది. ఎవరికన్నా పంపిద్దామా అని నేనడిగినాను. నాయన వచ్చి మూత పెట్టినాడు. పొద్దున మేం దాంట్లో మజ్జిగ పోసుకొని, ఎవరి మొకం ఎవరూ చూడకుండా తిన్నాం.